ఓపెన్‌కాస్ట్ గని గోడల కదలిక: కొలత తర్వాత మొదలయ్యే పని

300 మీటర్ల లోతున్న ఓపెన్‌కాస్ట్ గనిలో గోడ వాలును 46 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తగ్గించాలంటే, గోడ పొడవులో ఒక్కో మీటరుకు సుమారు 1,540 ఘనమీటర్ల రాయిని అదనంగా తవ్విపోయాలి. గోడ కిలోమీటరు పొడవుంటే ఆ లెక్క 15 లక్షల ఘనమీటర్లు దాటుతుంది. ఘనమీటరు రాయి రెండున్నర టన్నులు తూగుతుందనుకుంటే 38 లక్షల టన్నులకు పైనే. అందులో ఖనిజం ఉండదు, అయినా పేల్చాలి, ఎత్తాలి, డంపర్లలో పైకి మోయాలి, ఎక్కడో దిబ్బగా పోయాలి. ఒక్క డిగ్రీ ఇంత ఖరీదైనది కాబట్టే ఎన్నటికీ ఇసుమంతైనా కదలనంత తక్కువ వాలుతో గని గోడలను ఎవరూ తవ్వరు. కొంత కదలిక ఉంటుందని ముందే ఒప్పుకుని, దాన్ని కనిపెట్టి ఉంటామన్న పూచీ మీద వాలును నిర్ణయిస్తారు. కనుక గోడ కదలికను కొలిచే ఏర్పాటును గనికి తర్వాత తగిలించిన అదనపు రక్షణగా చూడటం పొరపాటు. వాలు కోణాన్ని నిర్ణయించిన రోజునే ఆ ఏర్పాటు కూడా డిజైన్‌లో భాగమైపోయింది. అది సరిగా నడవకపోతే ఆ కోణాన్ని సమర్థించే ఆధారాల్లో ఒకటి లేకుండా పోయినట్టే.

గోడ కదులుతోందన్న వార్త ఒక్కటే ఏమీ చెప్పదు. అడుగున రాయిని తీసేసినప్పుడు అంతదాకా దాని బరువు కింద నొక్కుకుని ఉన్న నేల కొద్దిగా పైకి, కొద్దిగా గని లోపలి వైపు జరుగుతుంది. ఇది సహజమైన సర్దుబాటు. పెద్ద బ్లాస్టింగ్ జరిగిన తర్వాత గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి కదలిక నమోదై క్రమంగా సద్దుమణుగుతుంది. ఇలా ప్రతి కుదుపు తర్వాతా వేగం తగ్గుతూ పోయే కదలికతో కలిసి పనిచేయవచ్చు. బయటి కుదుపేదీ లేకుండానే వేగం పెరుగుతూ పోయే కదలిక అలాంటిది కాదు. అది ఒకసారి మొదలయ్యాక గోడ తనంతట తాను కుదుటపడటం అరుదు. రోజుకు 10 మిల్లీమీటర్లు జరిగే గోడ నిన్న 15 జరిగి ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు, నిన్న 7 జరిగి ఉంటే రాయిని తవ్వి ఎత్తే యంత్రమైన షవెల్‌ను వెనక్కి రప్పించాలి. అంకె ఒకటే, దాని వెనకున్న పోకడ వేరు. గోడల పర్యవేక్షణలో కష్టమంతా ఈ పోకడను వేళకు, సరిగ్గా చదవడంలోనే ఉంది. కొలిచే సాధనాలు గత కొన్ని దశాబ్దాలలో ఎంతో ముందుకు వెళ్లాయి. చదివే పని మాత్రం ఇప్పటికీ మనిషి వివేకం మీదే నడుస్తోంది.

సాధనాలలో అన్నిటికన్నా పాతదీ, ఇప్పటికీ కొట్టివేయలేనిదీ ప్రిజం. బెంచీల (గోడలో మెట్లలా తవ్విన అంచెల) అంచున రాతిలో ఇనుప కడ్డీ దిగగొట్టి దానికి గాజు ప్రిజం బిగిస్తారు. ఎదుటి ఒడ్డున దిమ్మె మీద నిలిపిన రోబోటిక్ టోటల్ స్టేషన్ ఒక్కొక్క ప్రిజాన్నీ వెతికి పట్టుకుని, దాని మీదికి కాంతికిరణాన్ని పంపి దూరాన్ని, కోణాలను కొలిచి, మూడు దిక్కులలోనూ ఆ బిందువు ఎంత జరిగిందో చెబుతుంది. ఈ కొలతను దగ్గరగా చూస్తే దాని బలహీనతలు తెలుస్తాయి. కోణంలో ఒక్క సెకను (డిగ్రీలో 3,600వ వంతు) తేడా వస్తే, కిలోమీటరు దూరంలో అది దాదాపు 5 మిల్లీమీటర్ల తేడా అవుతుంది. గాలి ఉష్ణోగ్రతను ఒక్క సెల్సియస్ డిగ్రీ తప్పుగా తీసుకుంటే అదే దూరానికి మరో మిల్లీమీటరు తప్పుతుంది. మధ్యాహ్నం ఎండకు గని లోపలి గాలి వేడెక్కి కాంతికిరణాన్ని వంచుతుంది. అందుకే చాలా గోడలు కాగితం మీద పగలు ఒక వైపుకు, రాత్రి మరో వైపుకు ఊగుతున్నట్టు కనిపిస్తాయి. అనుభవమున్న సర్వేయర్ రాత్రి కొలతను రాత్రి కొలతతోనే పోలుస్తాడు. అంతకన్నా ముఖ్యంగా, టోటల్ స్టేషన్ నిలబడిన దిమ్మె కదలడం లేదని రుజువు చేసుకుంటాడు. గనికి దూరంగా, గట్టి నేల మీద పెట్టిన ఆధార ప్రిజాలను ప్రతి విడతలోనూ కొలవకపోతే, దిమ్మె కింద నేల కుంగినప్పుడు ఎదుటి గోడ మొత్తం కదిలినట్టు తప్పుడు చిత్రం వస్తుంది. దీనికి విరుద్ధంగా జరిగితే మరీ ప్రమాదం: దిమ్మె, గోడ రెండూ ఒకే వైపుకు జరుగుతుంటే నిజమైన కదలిక లెక్కలో కనబడకుండా పోతుంది.

ప్రిజానికి ఉన్న మరో పరిమితి అది ఒక బిందువు కావడం. రెండు ప్రిజాల నడుమ 50 మీటర్ల ఖాళీలో ఏం జరుగుతోందో అది చెప్పలేదు. పైగా అత్యంత ప్రమాదకరంగా ఉన్న చోటికి మనిషి వెళ్లి ప్రిజం బిగించడం కుదరదు. ఈ ఖాళీని రాడార్ పూరించింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి పుట్టిన గ్రౌండ్‌ప్రోబ్ సంస్థ 2000 దశకంలో గని గోడల కోసమే రూపొందించిన రాడార్లను రంగంలోకి దించింది. నేల మీద అమర్చిన చిన్న పట్టా మీద జరుగుతూ గోడనంతా ఒకేసారి చూసే మరో రకం రాడార్లు యూరప్ నుంచి వచ్చాయి. ఇవి గోడ మీద ఏమీ బిగించనక్కర లేకుండా, కొన్ని నిమిషాలకొకసారి లక్షల చదరపు మీటర్ల రాతిముఖాన్ని చిన్న చిన్న గడులుగా విడదీసి, ఒక్కో గడి మిల్లీమీటరులో కొంతవంతు కదిలినా పట్టుకుంటాయి. రాత్రి, ధూళి, తేలికపాటి పొగమంచు వీటికి పెద్దగా అడ్డురావు.

రాడార్ ఎలా కొలుస్తుందో తెలిస్తేనే అది ఎక్కడ మోసపోతుందో అర్థమవుతుంది. పంపిన తరంగం గోడకు తగిలి తిరిగి వచ్చేటప్పుడు దాని దశ (ఎగసి దిగే తన చుట్టులో తరంగం ఉన్న స్థానం) ఎంత మారిందో చూసి కదలికను లెక్కగడుతుంది. 17 గిగాహెర్ట్‌జ్ రాడార్ తరంగదైర్ఘ్యం సుమారు 17.6 మిల్లీమీటర్లు. తరంగం వెళ్లి రావాలి కాబట్టి గోడ దానిలో సగం, అంటే 8.8 మిల్లీమీటర్లు జరిగితే దశ ఒక పూర్తి చుట్టు తిరిగి మొదటికి వస్తుంది. అందువల్ల రెండు స్కానుల మధ్య కదలిక 4.4 మిల్లీమీటర్లు దాటితే అది ముందుకు జరిగిందో వెనక్కి జరిగిందో దశ ఒక్కదానితో తేల్చలేం. 3 నిమిషాలకొక స్కాన్ చేసే రాడార్‌కు ఈ హద్దు గంటకు దాదాపు 88 మిల్లీమీటర్ల వేగం. చాలా సందర్భాలలో ఇది చాలినంత. ఉపగ్రహానికి ఇదే లెక్క వేస్తే చిత్రం పూర్తిగా మారిపోతుంది. యూరప్‌కు చెందిన సెంటినెల్-1 ఉపగ్రహాలు వాడే తరంగం సుమారు 56 మిల్లీమీటర్లది, ఒక ఉపగ్రహం అదే చోటిని మళ్లీ అదే కోణంలో చూసేది 12 రోజులకు. హద్దు 14 మిల్లీమీటర్లు, అంటే పక్కపక్క గడుల మధ్య రోజుకు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ తేడా. నెమ్మదిగా కుంగే దిబ్బలను, గని అంచుకు ఆవల ఉన్న విశాలమైన నేలను, సంవత్సరాల తరబడి సాగే కదలికల చరిత్రను చూపించడంలో ఉపగ్రహానికి సాటి లేదు. గోడ ప్రమాదకర దశలోకి అడుగుపెట్టిన వారంలో మాత్రం దాని మీద ఆధారపడటానికి లేదు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నిసార్ ఉపగ్రహం మరింత పొడవైన తరంగాలను వాడుతుంది కాబట్టి చెట్టుచేమ ఉన్న నేల మీద, పెద్ద కదలికల విషయంలో హద్దు కొంత విస్తరిస్తుంది. అయితే అది కూడా 12 రోజులకొకసారే అదే చోటిని అదే కోణంలో చూస్తుంది.

రాడార్, ఉపగ్రహం రెండూ తమ చూపు సాగే దిశలో జరిగిన కదలికనే చూస్తాయి. గోడ రాడార్ చూపుకు 60 డిగ్రీల కోణంలో జారుతుంటే అసలు కదలికలో సగమే నమోదవుతుంది. అడ్డంగా, 90 డిగ్రీలలో జారుతుంటే ఏమీ నమోదు కాదు. దీన్ని మరిచి ఒక గనిలో నిర్ణయించిన ప్రమాద వేగాన్ని (దాటితే హెచ్చరించాల్సిన వేగాన్ని) మరో గనిలో, లేదా అదే గనిలో రాడార్‌ను మరో చోటికి మార్చిన తర్వాత యథాతథంగా వాడితే హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. ప్రిజాలు మూడు దిక్కులలో కదలికను చూపిస్తాయి కాబట్టి, జారుడు నిజంగా ఏ దిశలో ఉందో వాటి నుంచి తెలుసుకుని రాడార్‌ను ఎక్కడ నిలపాలో తేల్చుకోవాలి. రాడార్ వచ్చింది గనుక ప్రిజాలు అక్కరలేదని తీసేయడం ఈ కారణంగానే తెలివైన పొదుపు కాదు.

గోడ పైముఖాన్ని ఎంత నిశితంగా చూసినా లోపల జారుడు తలం ఎంత లోతున ఉందో తెలియదు. దానికి బోరుబావుల్లో దించే, బోరు ఎంత లోతున ఒరిగిందో చూపే ఇన్‌క్లినోమీటర్లు కావాలి. పగుళ్లకు అటూ ఇటూ బిగించిన తీగ ఎక్స్‌టెన్సోమీటరు చౌకైనది, నమ్మకమైనది. పగులు ఎంత తెరుచుకుందో నేరుగా చెబుతుంది.

వీటన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది రాతిలోని నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటరు. రాతి చీలికల్లోని నీరు గోడను తన బరువుతో కన్నా ఒత్తిడితో ఎక్కువగా దెబ్బతీస్తుంది: జారుడు తలానికి రెండు వైపులా ఉన్న రాయి ఒకదానినొకటి నొక్కుకోకుండా నీటి ఒత్తిడి కొంత మేర విడదీస్తుంది, దానితో ఆ తలం మీద ఘర్షణ తగ్గుతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో యల్లోర్న్ లిగ్నైట్ గని గోడ 2007 నవంబరు 14న సుమారు 60 లక్షల ఘనమీటర్ల మేర జారిపోయింది; పక్కన పారుతున్న లాట్రోబ్ నది దారి మళ్లి గనిలోకి దూకింది. ప్రాణనష్టం జరగలేదు. చీలికల్లోనూ బొగ్గుపొర అడుగునా పెరిగిన నీటి ఒత్తిడే ప్రధాన కారణమని విచారణలో తేలింది. కదలిక అనేది ఫలితం, నీటి ఒత్తిడి దాని కారణాలలో ఒకటి. కారణాన్ని కొలిచే గనికి ఫలితాన్ని మాత్రమే కొలిచే గని కన్నా ఎక్కువ వ్యవధి దొరుకుతుంది. అంతేకాదు, నీటిని తోడేసి లేదా గోడలోకి అడ్డంగా బోర్లు వేసి ఒత్తిడిని తగ్గించవచ్చు. కదులుతున్న గోడ విషయంలో మనిషి త్వరగా చేయగలిగిన అతి కొద్ది పనులలో ఇదొకటి.

ఎప్పుడు కూలుతుందో ముందే చెప్పగలమా అన్న ప్రశ్నకు చరిత్రలో ఒక గట్టి జవాబు ఉంది. చిలీలోని చుకికమాటా రాగి గనిలో 1966లో పగుళ్లు కనిపించాయి, 1967 డిసెంబరులో వచ్చిన భూకంపం తర్వాత కదలిక పెరిగింది. ఇంజనీర్లు గోడ మీద గుర్తులు పెట్టి అవి రోజులు గడిచేకొద్దీ ఎంత జరిగాయో గ్రాఫుగా గీశారు. అన్నిటికన్నా వేగంగా కదులుతున్న బిందువు వక్రరేఖను ముందుకు పొడిగించి, అది నిట్టనిలువు అయ్యేది 1969 ఫిబ్రవరి 18న అని జనవరిలోనే అంచనా కట్టారు. సరిగ్గా ఆ రోజే సుమారు 1.2 కోట్ల టన్నుల రాయి కూలింది. రవాణా దారులను, పనిచేసే చోట్లను ముందే మార్చుకున్నందున గని త్వరగా కోలుకుంది. తేదీ అంత కచ్చితంగా కలవడంలో అదృష్టం పాలు కొంత ఉందని ఒప్పుకోవాలి. అయితే వక్రరేఖను చదివి పనిని ముందే సర్దుకున్నది అదృష్టం కాదు.

వక్రరేఖను చేత్తో పొడిగించే ఆ పనిని జపాన్ పరిశోధకుడు ఫుకుజోనో 1985లో ఒక సులువైన గీతగా మార్చాడు. కృత్రిమ వర్షం కురిపించి ప్రయోగశాలలో కూల్చిన మట్టి వాలులను పరిశీలించి, వేగానికి బదులు వేగం విలోమాన్ని (1ని వేగంతో భాగిస్తే వచ్చే అంకెను) గీస్తే కూలే ముందు అది దాదాపు తిన్నని గీతగా దిగుతుందని, ఆ గీత సున్నాను తాకే చోటే కూలే సమయమని చూపించాడు. ఊహాత్మకమైన అంకెలతో చూద్దాం. ఒక గోడ మొదటి రోజున రోజుకు 5 మిల్లీమీటర్ల వేగంతో ఉంది, విలోమం 0.20. ఐదు రోజుల తర్వాత వేగం 6.7, విలోమం 0.15. పది రోజులకు వేగం 10, విలోమం 0.10. వేగాన్ని మాత్రమే చూసే మనిషికి పది రోజుల్లో రెట్టింపైన ఈ గోడ అంత భయపెట్టకపోవచ్చు, ఇంకో పది రోజులకు మళ్లీ రెట్టింపై 20 అవుతుందని అనుకోవచ్చు. కానీ విలోమం ప్రతి ఐదు రోజులకూ 0.05 చొప్పున దిగుతోంది. పదిహేనో రోజుకే వేగం 20కి చేరుతుంది, ఇరవయ్యో రోజుకు విలోమం సున్నా అవుతుంది. పైన చెప్పిన 60 డిగ్రీల రాడార్ విషయంలో కూడా ఈ పద్ధతికి ఒక మేలు ఉంది: చూపు కోణం మారనంత కాలం అన్ని వేగాలూ సగమే నమోదైనా గీత సున్నాను తాకే రోజు మారదు. ప్రమాద వేగాల పట్టిక మోసపోయే చోట ఈ గీత మోసపోకపోవడం దీని విలువను పెంచుతుంది.

అయినా ఈ గీతను గుడ్డిగా నమ్మకూడదు. ప్రిజం కొలతలో 2 మిల్లీమీటర్ల అనిశ్చితి ఉండి గోడ రోజుకు 1 మిల్లీమీటరు కదులుతుంటే, ఒక్క రోజు తేడా నుంచి తీసిన వేగం అర్థంలేని అంకె. దాని విలోమం మరింత అర్థంలేనిది. వారం రోజుల సగటు తీసుకుంటే అంకె నమ్మదగినదవుతుంది, కానీ అదే వారం సగటు చివరి రెండు రోజుల్లో పుంజుకున్న వేగాన్ని దాచేస్తుంది. కనుక కదలిక పెరిగేకొద్దీ సగటు తీసే వ్యవధిని కుదించుకుంటూ రావాలి, ఏ రోజున ఏ వ్యవధి వాడారో రాసిపెట్టుకోవాలి. మధ్యలో వర్షమో బ్లాస్టింగో వచ్చి వేగం మారితే పాత గీతను కొనసాగించకుండా కొత్తగా మొదలుపెట్టాలి. ఇవన్నీ సాఫ్ట్‌వేర్ చేసి పెడుతుందని భావించడం ప్రమాదకరమని ఈ వ్యాసం అభిప్రాయం. తెర మీద ఒక తేదీ కనిపించినప్పుడు, ఏ కొలతల మీద ఆధారపడి అది వచ్చిందని అడిగే మనిషి ఆ గదిలో ఉండి తీరాలి.

రాతి నిర్మాణాన్ని బట్టి కూడా కథ మారుతుంది. నిలువు పొరలు గని వైపుకు ఒరిగే గోడలు సంవత్సరానికి మీటరుకు పైగా కదులుతూ కూడా దశాబ్దాల పాటు నిలబడ్డ సందర్భాలున్నాయి; చుకికమాటా పశ్చిమ గోడే అందుకు ఉదాహరణ. గట్టి రాతిలో రెండు చీలికలు కలిసిన చోట ఏర్పడే చిన్న చీల ఆకారపు ముక్క మాత్రం సెంటీమీటరు కూడా కదలకుండా, కొన్ని గంటల ముందు మాత్రమే సంకేతమిచ్చి ఊడిపడుతుంది. విడిగా దొర్లిపడే బండరాయి ఆ సంకేతం కూడా ఇవ్వకపోవచ్చు. దాని నుంచి కాపాడేవి పర్యవేక్షణ సాధనాలు కావు, వెడల్పైన బెంచీలు, కింద కట్టిన అడ్డుకట్టలు. ఎన్ని మిల్లీమీటర్లకు గని ఖాళీ చేయాలన్న ప్రశ్నకు అన్ని గోడలకూ సరిపోయే ఒకే జవాబు ఉండదు. గోడ ఏ రకంగా కూలగలదో భూగర్భ శాస్త్రవేత్త చెప్పిన తర్వాతే ప్రమాద వేగాన్ని నిర్ణయించాలి.

ఆ వేగాన్ని దాటినప్పుడు ఎవరు ఏం చేయాలన్నది కాగితం మీద ముందే ఉండాలి. ఫలానా వేగంతో ఇన్ని గడులు ఇంతసేపు కదిలితే ఇంజనీరుకు ఫోను, అంతకు మించితే ఆ బెంచీల నుంచి యంత్రాలు వెనక్కి, ఇంకా మించితే గని ఖాళీ. గడుల సంఖ్య, వ్యవధి అనే షరతులు ఎందుకంటే, వర్షపు జల్లో ఎదురుగా వెళ్లిన డంపరో ఒకటి రెండు గడులలో తప్పుడు కదలిక చూపించగలదు. నెలకు పదిసార్లు ఉత్తుత్తి అలారం మోగే గనిలో పదకొండోసారి మోగినప్పుడు షవెల్ ఆపరేటర్ కదలడు, అతన్ని తప్పుపట్టడానికీ లేదు. మరో మాట కూడా ఆ కాగితంలో ఉండాలి: రాత్రి షిఫ్టులో తెర ముందు కూర్చున్న ఉద్యోగి పై అధికారి అనుమతి కోసం ఎదురుచూడకుండా పని ఆపించవచ్చని, ఆ తర్వాత గోడ కూలకపోయినా అతని మీద ఏ చర్యా ఉండదని.

అమెరికాలోని యూటాలో బింగ్‌హామ్ కెన్యన్ గనిలో 2013 ఏప్రిల్ 10న జరిగినది ఇలాంటి ఏర్పాటు ఫలించిన సంఘటన. రాడార్, ప్రిజాలు, ఎక్స్‌టెన్సోమీటర్లు కదలికను వారాల ముందే చూపించాయి, కూలే ముందు మనుషులందరినీ బయటికి పంపించారు. ఆ రాత్రి రెండు విడతలుగా సుమారు 6.5 కోట్ల ఘనమీటర్ల రాయి కూలినా ఒక్కరికీ గాయం కాలేదు. కూలిన రాయి మాత్రం అంచనా వేసినదానికన్నా చాలా దూరం గని అడుగుకు పరుగెత్తి యంత్రాలను ముంచేసింది. ఎప్పుడు కూలుతుందన్న ప్రశ్న, కూలితే ఎంత దూరం వస్తుందన్న ప్రశ్న వేర్వేరు. రెండోదానికి కదలిక కొలతల్లో జవాబు దొరకదు. ప్రమాద ప్రాంతం హద్దును జారే ముక్క పరిమాణాన్ని బట్టి విడిగా, ధారాళంగా గీసుకోవాలి.

దిబ్బల విషయంలో ఇంత శ్రద్ధ చాలా చోట్ల కనిపించదు. ఝార్ఖండ్‌లోని రాజ్‌మహల్ ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో 2016 డిసెంబరు 29న ఓవర్‌బర్డెన్ (బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి, రాయి) కూలి 23 మంది కార్మికులు చనిపోయారు. తవ్విపోసిన మట్టికి రాతిగోడకున్న బిగువు ఉండదు, అడుగు నేల మెత్తగా ఉంటే, వాన నీరు నిలిస్తే అది మరింత తొందరగా జారుతుంది. ఖనిజం ఉన్న గోడ వైపు రాడార్ తిప్పి, మనుషులు పనిచేసే చోటికి పైన నిలబడ్డ దిబ్బను వదిలేయడానికి సాంకేతిక కారణమేదీ లేదు.

కూలిన తర్వాత మళ్లీ ఎప్పుడు లోపలికి వెళ్లాలన్నది చివరి నిర్ణయం, బహుశా అన్నిటికన్నా ఒత్తిడి ఎక్కువగా ఉండేదీ అదే. బింగ్‌హామ్‌లో మొదటి విడతకూ రెండో విడతకూ మధ్య ఉన్న వ్యవధి సుమారు గంటన్నర. మొదటిది ఆగిందని చూసి నష్టం అంచనాకు ఎవరైనా దిగి ఉంటే రెండోదాని కింద ఉండేవారు. ఒక ముక్క జారిపోయాక దాని వెనక నిలిచిన గోడకు ఆనుకునే ఆసరా పోతుంది, కనుక అక్కడ కదలిక కొత్తగా మొదలవుతుంది. పాత ప్రిజాలు రాళ్లతో పాటే వెళ్లిపోయి ఉంటాయి, రాడార్ ముందున్న రాతిముఖం మారిపోయి పాత కొలతలతో పోల్చడానికి వీలుండదు. కొత్త ఆధార కొలతలు తీసుకుని, వెనక గోడ వేగం వరుసగా తగ్గుతూ వస్తోందని పలు స్కానులలో, వీలైతే ఒక వాన కురిసిన తర్వాత కూడా రూఢి చేసుకునేదాకా, శిథిలాల తొలగింపును దూరం నుంచి నడిపే యంత్రాలకే వదిలేయాలి.